మెగావాట్లు, గిగావాట్లు, ఆ పైనవి హెచ్‌పీలోకి మార్చడం ఎలా (సున్నాల దగ్గర తికమక పడకుండా)

మన ఊళ్ళల్లో పవర్ అంటే హెచ్‌పీనే, అంటే హార్స్‌పవర్. బోరుకి ఏ మోటార్ దించావు అంటే ఐదు అనో ఏడున్నర అనో చెప్తారు గానీ 3.73 కిలోవాట్లు అని ఎవరూ చెప్పరు. పేపర్ తెరిస్తే మాత్రం శ్రీశైలంలో ఇన్ని మెగావాట్లు, దేశం మొత్తం డిమాండ్ ఇన్ని గిగావాట్లు అని ఉంటది, అది మన మోటార్ల లెక్కలో ఎంత అని ఎవరైనా అడిగితే ఫోన్ తీసి కొడతాం, అక్కడ వచ్చిన పొడుగాటి నంబర్‌లో సున్నాలు లెక్కపెట్టుకోలేక వదిలేస్తాం. నిజానికి గుణకారంలో ఏమీ లేదు, ఒక్కటే నంబర్ గుర్తుంటే చాలు. లెక్క పాడయ్యేది రెండు చోట్ల, ఒకటి సున్నాల దగ్గర, రెండోది అసలు ఆ మెగావాట్లు దేనివో చూడకుండా గుణించేయడం దగ్గర, ఈ రెండోదే ఎక్కువ ముంచుతది, అందుకే దాని మీదే ఎక్కువ రాస్తున్నా.

ముందు ఆ ఒక్క నంబర్. 1 హెచ్‌పీ అంటే 745.7 వాట్లు. జేమ్స్ వాట్ 1780ల్లో తన స్టీమ్ ఇంజన్లు అమ్ముకోడానికి, అప్పటిదాకా గుర్రాలతో పని చేయించుకునేవాళ్ళకి అర్థమయ్యేట్టు పెట్టిన లెక్క ఇది, నిమిషానికి 33,000 ఫుట్-పౌండ్ల పని (ఒక పౌండు బరువుని ఒక అడుగు ఎత్తితే ఒక ఫుట్-పౌండ్), అంటే సెకనుకి 550. తర్వాత 1882లో బ్రిటిష్ అసోసియేషన్ వాళ్ళు పవర్ యూనిట్‌కి ఆయన పేరే పెట్టారు, అంటే మనం ఇక్కడ చేసేది ఆయన పేరు మీదున్న యూనిట్‌ని మళ్ళీ ఆయన కనిపెట్టిన గుర్రంలోకే మార్చడం. సరే, 1000ని 745.7తో భాగిస్తే 1.341 వస్తది. అదే కిలోవాట్‌కి హెచ్‌పీ. మిగతావన్నీ దీనికి పాయింట్ జరుపుకుంటూ పోవడమే:

1 కిలోవాట్ = 1.341 హెచ్‌పీ
1 మెగావాట్ = 1,341 హెచ్‌పీ
1 గిగావాట్ = 13.41 లక్షల హెచ్‌పీ
1 టెరావాట్ = 134.1 కోట్ల హెచ్‌పీ
1 పెటావాట్ = 1.341 లక్షల కోట్ల హెచ్‌పీ

చూశారా, అంకెలు అవే నాలుగు, 1341, పాయింట్ మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఎందుకంటే కిలో నుంచి మెగా, మెగా నుంచి గిగా ప్రతిసారీ వెయ్యి రెట్లు పెరుగుతది, మన లెక్క మాత్రం వేలు దాటాక వంద రెట్లకో పేరు మారుతది. ఇంగ్లీష్ సైట్లో 1,341,022 అని మూడు మూడు అంకెలకి కామా పెట్టి ఇస్తే మన కన్ను దాన్ని ఒక్కోసారి 1.34 లక్షలుగా చదివేస్తది, ఒక్కోసారి కోటి దాకా తీసుకెళ్తది. కాబట్టి పని మొదలుపెట్టేముందే మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు అని పక్కన రాసిపెట్టుకోండి. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే మిలియన్లలోకి అసలు వెళ్ళకుండా పైన ఉన్న ఐదు లైన్లు పట్టుకుని నేరుగా లక్షల్లో కోట్లల్లోనే లెక్క చేయడం. మే 2024లో దేశం పీక్ డిమాండ్ 250 గిగావాట్లు తాకింది కదా, 250ని 13.41తో గుణిస్తే సుమారు 3,350 లక్షలు, అంటే 33.5 కోట్ల హెచ్‌పీ. మధ్యలో ఒక్క సున్నా కూడా రాయాల్సిన పని లేదు.

కాలిక్యులేటర్ చేతిలో లేకపోతే 1.341 బదులు మూడో వంతు కలపండి. ఉన్న మెగావాట్లకి వాటిలో మూడో వంతు కలిపితే వచ్చేది వేల హెచ్‌పీ. ఇది కొంచెం తక్కువ చూపిస్తది, వెయ్యికి ఆరు చొప్పున, కావాలంటే చివర్లో అది కలుపుకోండి, నోటి లెక్కకి అయితే వదిలేయొచ్చు.

దీన్ని ఒక పెద్ద మోటార్ మీద చేసి చూద్దాం. కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో కాళేశ్వరం లిఫ్టుకి సంబంధించి భూమి లోపల కట్టిన గాయత్రి పంప్ హౌస్ ఉంది, అక్కడ ఒక్కో మోటార్ 139 మెగావాట్లు, అలాంటివి 7. 139లో మూడో వంతు 46.3, కలిపితే 185.3, అంటే 1,85,300 హెచ్‌పీ. వెయ్యికి ఆరు చొప్పున ఇంకో 1,100 కలిపితే 1,86,400. కాలిక్యులేటర్‌లో 139ని 1341.022తో కొడితే 1,86,402 వస్తది, అంటే రెండు హెచ్‌పీల తేడా! ఒక్క మోటార్ ఇది, మన ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు 37 వేల పైచిలుకు ఒకచోట పెట్టినట్టు. ఏడూ కలిపితే 973 మెగావాట్లు, 13.05 లక్షల హెచ్‌పీ. ఇక్కడ ఇంకో సంగతి, 973ని గుణించి వచ్చిందని 13,04,814.41 అని పాయింట్ తర్వాత కూడా రాసేవాళ్ళున్నారు, మొదట ఇచ్చిన నంబర్‌లోనే మూడు అంకెలు ఉంటే జవాబులో తొమ్మిది అంకెలు ఎక్కడి నుంచి వస్తాయండీ. మూడు నాలుగు అంకెలు చాలు.

వెనక్కి మార్చడం ఇంకా తేలిక, హెచ్‌పీలోంచి పావు తీసేయండి, మిగిలిన ముప్పాతిక కిలోవాట్లు. రైల్వే వాళ్ళ డబ్ల్యూఏజీ-12బీ గూడ్స్ ఇంజన్‌ని 12,000 హెచ్‌పీ అంటారు, పావు తీసేస్తే 9,000 కిలోవాట్లు, అంటే 9 మెగావాట్లు, వాళ్ళ లెక్కలో కూడా అంతే. ఎక్కడైనా మిలియన్ హెచ్‌పీ అని కనపడితే అది పది లక్షల హెచ్‌పీ, సుమారు 746 మెగావాట్లు.

మన దగ్గరివి ఇంకొన్ని చేసుకుంటే చేయి తిరుగుతది. శ్రీశైలం కుడివైపు 770 మెగావాట్లు, ఎడమవైపు 900, కలిపి 1,670, అంటే 22.4 లక్షల హెచ్‌పీ. సింహాద్రి ఎన్టీపీసీ 2,000 మెగావాట్లు, 26.8 లక్షలు. రామగుండం ఎన్టీపీసీ పాత ఏడు యూనిట్లు కలిపి 2,600, దాదాపు 34.9 లక్షలు. కర్నూలు సోలార్ పార్క్ కరెక్ట్‌గా 1,000 మెగావాట్లు కాబట్టి గిగావాట్ అంటే ఎంత అని కళ్ళతో చూడాలంటే అదే, 13.41 లక్షల హెచ్‌పీ. చైనా వాళ్ళ త్రీ గోర్జెస్ 22,500 మెగావాట్లు, అది మూడు కోట్ల హెచ్‌పీ పైనే.

ఇప్పుడు అసలు చిక్కు. హెచ్‌పీ అనేది ఒకటి కాదు. పైన చెప్పిన 745.7 వాట్లది మెకానికల్ హెచ్‌పీ. కరెంటు మోటార్ల వాళ్ళు సౌకర్యానికి 746 అని పెట్టుకున్నారు. ఇంకోటి మెట్రిక్ హెచ్‌పీ, 75 కేజీల బరువుని సెకనులో ఒక మీటరు పైకి లేపేంత, అది 735.5 వాట్లే. కార్ల బ్రోచర్లలో పీఎస్ అని ఉంటదే, అదే ఇది. చిన్న మోటార్‌లో ఈ తేడా ఎవరికీ పట్టదు, ఐదు హెచ్‌పీకి 50 వాట్లు, ఎవడు చూస్తాడు. కానీ గిగావాట్ దగ్గరికి వచ్చేసరికి మెకానికల్‌లో 13,41,022, కరెంటు మోటార్ల లెక్కలో 13,40,483, మెట్రిక్‌లో 13,59,622. మొదటి రెండిటికీ ఐదొందల చిల్లర తేడా, పోనీలే అనుకోవచ్చు, మెట్రిక్‌కి మాత్రం 18,600 హెచ్‌పీ తేడా, శాతంలో చెప్తే ఒకటిన్నరకి కొంచెం తక్కువ.

దీనివల్ల ఒకే ఇంజన్‌కి రెండు చోట్ల రెండు నంబర్లు కనపడి జనం కొట్టుకుంటారు. ఎమ్మా మెర్స్క్ అనే కంటైనర్ షిప్పులో ఉన్న 14 సిలిండర్ల డీజిల్ ఇంజన్ 80,080 కిలోవాట్లు. ఒకచోట 1,07,400 అని ఉంటది, ఇంకోచోట 1,08,900 దాకా ఉంటది, రెండూ కరెక్టే, 745.7తో భాగిస్తే మొదటిది, 735.5తో భాగిస్తే రెండోది. షిప్పులు, యూరప్ కార్లు, జర్మనీ జపాన్ నుంచి వచ్చిన మెషీన్ల పేపర్లు అయితే ముందు మెట్రిక్ అని అనుమానించండి. మెట్రిక్‌లో కావాలంటే మెగావాట్లని 1,341 బదులు 1,360తో గుణించండి, అంతే. బాయిలర్ హెచ్‌పీ అని ఇంకోటి ఉంది, అది 9.81 కిలోవాట్లు, మామూలు హెచ్‌పీకి 13 రెట్లు, ఆవిరి తీసే కెపాసిటీకి వాడేది, పాత బాయిలర్ల కాగితాల్లో తప్ప మనకి తగలదు, తగిలితే మాత్రం జాగ్రత్త.

మెట్రిక్ హెచ్‌పీతో ఒక లాభం ఉంది, నీళ్ళ లెక్క చాలా తేలిగ్గా వస్తది. 75 కేజీలు అంటే 75 లీటర్ల నీళ్ళు కదా, కాబట్టి సెకనుకి ఎన్ని లీటర్లో దాన్ని ఎన్ని మీటర్లు ఎత్తాలో దాంతో గుణించి 75తో భాగిస్తే హెచ్‌పీ వచ్చేస్తది. వెయ్యి క్యూసెక్కులు 100 మీటర్లు ఎత్తాలనుకోండి, క్యూసెక్కు అంటే సెకనుకి 28.3 లీటర్లు, వెయ్యి క్యూసెక్కులు 28,317 లీటర్లు, నూటితో గుణించి 75తో భాగిస్తే సుమారు 37,750 హెచ్‌పీ, దాదాపు 27.8 మెగావాట్లు. ఇది నీళ్ళకి అందాల్సిన పవర్ మాత్రమే, పంపులో, పైపులో, మోటార్‌లో పోయేది అన్నీ కలిపి చూసుకోవాలి, మొత్తం మీద 85 శాతం ఎఫిషియెన్సీ ఉందనుకుంటే 44 వేల హెచ్‌పీ పైన, 32.7 మెగావాట్లు లాగాలి. లిఫ్ట్ స్కీముల వార్తల్లో క్యూసెక్కులు, ఎత్తు, మెగావాట్లు మూడూ ఇస్తారు కాబట్టి మీరే కూర్చుని సరిచూసుకోవచ్చు, నాకైతే ఇది చేస్తుంటే టైమే తెలీదు.

ఎఫిషియెన్సీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మోటార్ మీద రాసిన హెచ్‌పీ షాఫ్ట్ దగ్గర బయటికి వచ్చే పవర్, లైన్‌లోంచి లాగే పవర్ కాదు. గిగావాట్ ప్లాంట్ ఎన్ని ఐదు హెచ్‌పీ మోటార్లు తిప్పుద్ది అంటే 13.41 లక్షలని ఐదుతో భాగించి 2.68 లక్షల మోటార్లు అని చెప్పేస్తారు. మోటార్ 80 శాతం ఎఫిషియెన్సీతో నడిస్తే 3.73 కిలోవాట్లు ఇవ్వడానికి లైన్‌లోంచి 4.66 లాగుద్ది, అప్పుడు లెక్క 2.15 లక్షలకి పడిపోతది, యాభై వేల మోటార్లు గాల్లో కలిసిపోయాయి, ఇంకా లైన్ లాస్ తీయలేదు. యూనిట్ మార్చడం వేరు, దేనికి ఎంత సరిపోద్ది అనేది వేరు, మొదటిది చేసి రెండోది చెప్పేస్తే ఇలాగే అవుతది.

అణు విద్యుత్ ప్లాంట్లలో అయితే తేడా మూడు రెట్లు. కూడంకుళంలో ఒక్కో రియాక్టర్ 1,000 మెగావాట్ల కరెంటు ఇస్తది, కానీ లోపల పుట్టే వేడి 3,000 మెగావాట్లు. కరెంటు లెక్కలో 13.4 లక్షల హెచ్‌పీ, వేడి లెక్కలో 40 లక్షలు. ఎక్కడైనా రియాక్టర్ గురించి చదివేటప్పుడు మెగావాట్ పక్కన థర్మల్ అని ఉందా ఎలక్ట్రికల్ అని ఉందా చూడకుండా ముందుకి పోకండి.

సబ్‌స్టేషన్ల దగ్గర ఎంవీఏ అని ఉంటది, అది మెగా వోల్ట్-ఆంపియర్, మెగావాట్ కాదు, పవర్ ఫ్యాక్టర్‌తో (అందులో నిజంగా పనికొచ్చే వంతు) గుణిస్తేనే మెగావాట్ అవుతది. 315 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, పవర్ ఫ్యాక్టర్ 0.9 అనుకుంటే 283.5 మెగావాట్లు, 3.8 లక్షల హెచ్‌పీ. పొలాల దగ్గరుండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కీ ఇదే సూత్రం, 0.8 వేసుకుంటే 80 కిలోవాట్లు, 107 హెచ్‌పీ.

అన్నిటికంటే ఎక్కువ మంది బోర్లా పడేది మిలియన్ యూనిట్ల దగ్గర. పేపర్లో "నిన్న రాష్ట్రంలో ఇన్ని మిలియన్ యూనిట్ల వినియోగం" అని వస్తది, దాన్ని తీసుకుని 1,341తో గుణించేస్తారు. యూనిట్ అంటే కిలోవాట్ అవర్, అది పవర్ కాదు, ఎంత కరెంటు ఖర్చయింది అనేదాని కొలత, దాన్ని టైమ్‌తో భాగించకుండా హెచ్‌పీలోకి మార్చడం కుదరనే కుదరదు. దీనికి ఒక చిట్కా గుర్తుపెట్టుకోండి: రోజుకి 24 మిలియన్ యూనిట్లు అంటే సగటున సరిగ్గా 1,000 మెగావాట్లు. కాబట్టి ఒక రాష్ట్రం రోజుకి 240 మిలియన్ యూనిట్లు వాడిందనుకుంటే సగటు 10,000 మెగావాట్లు, అంటే 1.34 కోట్ల హెచ్‌పీ. ఇది సగటు, సాయంత్రం పీక్ ఇంకా పైన ఉంటది, అర్ధరాత్రి కింద ఉంటది. అలాగే ప్లాంట్ కెపాసిటీని గుణించి వచ్చిన హెచ్‌పీ కూడా ఫుల్‌గా నడిచినప్పటిది, సోలార్ అయితే మబ్బు పట్టినా పొద్దు వాలినా ఆ నంబర్ కాగితం మీదే.

ఇక టెరావాట్లు, పెటావాట్లు. వీటిల్లో కూడా పద్ధతి అదే, కాకపోతే ఊహకి అందవు. ప్రపంచం మొత్తం బొగ్గు, పెట్రోలు, గ్యాసు, కరెంటు అన్నీ కలిపి వాడేది సగటున సుమారు 20 టెరావాట్లు. 20ని 134.1తో గుణిస్తే 2,682 కోట్ల హెచ్‌పీ. జనాభా 800 కోట్ల పైన కాబట్టి మనిషికి మూడు హెచ్‌పీ కంటే కొంచెం ఎక్కువ, అంటే భూమ్మీద ప్రతి మనిషికీ, చంటిపిల్లలతో సహా, ఒక మూడు హెచ్‌పీ మోటార్ పగలూ రాత్రీ నడుస్తున్నట్టే. ఎండ రూపంలో భూమికి చేరేది సుమారు 174 పెటావాట్లు, 1.341తో గుణిస్తే 233 లక్షల కోట్ల హెచ్‌పీ.

సూర్యుడి దగ్గరికి వెళ్తే లక్షలు కోట్లు కూడా చాలవు, అప్పుడు పది ఘాతాల్లోనే చేయాలి. అక్కడ రూల్ ఒక్కటే, వాట్లని 1.341తో గుణించి ఘాతంలోంచి 3 తీసేయండి. సూర్యుడు మొత్తం వదిలేది 3.828 × 10²⁶ వాట్లు. 3.828ని 1.341తో గుణిస్తే 5.13, 26లోంచి 3 పోతే 23, జవాబు 5.13 × 10²³ హెచ్‌పీ. ఇంత పెద్ద లెక్క ఒక లైన్‌లో అయిపోయింది చూడండి, మెగావాట్‌ది దీనికంటే ఎక్కువ రాశాం.

పెటావాట్ అనగానే బెదిరిపోకండి, అంత పవర్ ఉందంటే అంత ఎనర్జీ ఉన్నట్టు కాదు. రొమేనియాలో బుకారెస్ట్ పక్కన మగురేలేలో ఒక లేజర్ ఉంది, 10 పెటావాట్లు, మన లెక్కలో 13.4 లక్షల కోట్ల హెచ్‌పీ, అంటే ప్రపంచం మొత్తం వాడకానికి 500 రెట్లు. మరి దానికి కరెంటు ఎక్కడిది అంటే, అది వెలిగేది సెకనులో లక్ష కోట్లో వంతు కూడా కాదు, అందులో నలభయ్యో వంతు టైమ్ మాత్రమే. ఆ ఒక్క మెరుపులో ఉండే ఎనర్జీ మొత్తం సుమారు 250 జౌల్స్ (జౌల్ అంటే ఎనర్జీ కొలత), ఇంట్లో 25 కేజీల బియ్యం బస్తాని నేల మీంచి మీటరు ఎత్తులో ఉన్న గట్టు మీద పెడితే అంతే ఖర్చవుతది. హెచ్‌పీలోకి మార్చిన నంబర్ తప్పేం కాదు, ఎంతసేపు అనేది పక్కన రాయకపోతే మాత్రం చదివినవాళ్ళు ఇంకేదో అనుకుంటారు.

ఫోన్లో, కంప్యూటర్లో చేసుకునేవాళ్ళకి రెండు మాటలు. మెగావాట్ షార్ట్‌కట్‌లో ఎం అక్షరం పెద్దది ఉండాలి, చిన్న ఎం కొడితే అది మిల్లీవాట్, జవాబు వంద కోట్ల రెట్లు తగ్గిపోతది, ఎక్సెల్‌లో కన్వర్ట్ ఫంక్షన్ వాడినప్పుడు కూడా ఇదే చూసుకోవాలి, అది తిట్టదు, నోరుమూసుకుని తప్పు జవాబు ఇచ్చేస్తది. అదే ఎక్సెల్‌లో మామూలు హెచ్‌పీకి ఒక కోడ్, మెట్రిక్‌కి పీఎస్ అని వేరే కోడ్ ఉన్నాయి, ఏది కొట్టారో చూసుకోండి. ఫోన్ కాలిక్యులేటర్‌లో జవాబు 3.35ఇ8 లాగా వస్తే ఆ ఇ తర్వాత ఉన్నది పది ఘాతం: 5 అయితే లక్షలు, 7 అయితే కోట్లు, 12 అయితే లక్షల కోట్లు. 8 వచ్చిందంటే పది కోట్లు కాబట్టి 3.35ని పదితో గుణించి 33.5 కోట్లు అని చదువుకోవాలి. మన 250 గిగావాట్లే ఇది.